కామెర్లని చెప్పినా కుర్చీ ఇచ్చాం

ఈ సాయంత్రం సంతోషం ఆగక ఇది రాస్తున్నాను. కార్మికుల క్యాంపుల్లో రక్తం ద్వారా అంటే కామెర్లు పాకుతున్నాయని దోహాలో పళ్ల డాక్టర్లంతా బెదిరిపోతున్నారు. మదీనత్ ఖలీఫాలోని మా క్లినిక్కుకు మాత్రం, నేను పట్టుబట్టగా పట్టుబట్టగా, పరికరాలను ఆవిరిలో శుద్ధి చేసే కొత్త యంత్రం ఈ వారమే వచ్చింది.

మధ్యాహ్నం రాస్ లఫాన్ గ్యాస్ ప్లాంటులో పనిచేసే మల్లయ్య బుగ్గ వాచిపోయి వచ్చాడు. కరీంనగర్ దగ్గరి మనిషి. కూర్చోకముందే అన్నాడు:

"మేడం, నాకు కామెర్లై తగ్గినయి గని, రక్తంల ఇంక ఉన్నదంటున్నరు. ఈ ముచ్చట చెప్తే రెండు క్లినిక్కులల్ల పొమ్మన్నరు. అయినా మీకు చెప్పకుంట ఉంటె మంచిగుండది."

"చెప్పి మంచిపని చేశారు. కూర్చోండి," అన్నాను.

మాస్కు, కళ్లద్దాలు, రెండు జతల గ్లౌజులు వేసుకుని పన్ను తీశాను. అతను దండం పెట్టి వెళ్లాడు.

బయట కూర్చుని ఇదంతా విన్న ఒక హైదరాబాదు ఆవిడ, తన వంతు రాగానే గుమ్మంలోనే ఆగిపోయింది. ఈమె వెళ్లిపోతే రేపటినుంచి ఎవరూ రారని నాకు భయం. కుర్చీ శుభ్రంగా తుడిపించి, ఆవిరిలో ఉడికిన పరికరాల పొట్లం ఆమె ఎదుటే విప్పాను. వేడి బాగా తగిలితేనే పొట్లానికి అంటించిన పట్టీ మీద ఈ నల్లగీతలు పడతాయని చూపించాను. ఆమె వంగి చూసి, వచ్చి కూర్చుంది.

"ఇన్నేళ్లుగా పళ్లు చూపించుకుంటున్నా, ఈ గీతలు నాకెవరూ చూపించలేదండీ," అంది.

నాకు గంతులేయాలనిపించింది. మరి మీకెవరైనా చూపించారా? ఈసారి నోరు తెరిచేముందు అడిగి, ఏమన్నారో నాకూ చెప్పండి.