గురి తప్పినవాళ్ల చొక్కాలు

శాసనసభలో తుపాకుల బిల్లు నెగ్గిందని రేడియో చెప్పేసరికి ఎర్లీన్ టాట్రో స్కూలు బస్సు లోపల శుభ్రం చేస్తోంది. వెనక సీటు కింద ఎవరో నమిలి అంటించిన బబుల్‌గమ్ ఎండి రాయిలా బిగుసుకుపోయింది. పాత చాకుతో దాన్ని గీకుతూ వార్త విన్నది. ఇకమీదట తుపాకి కొన్నవాళ్లు డబ్బు కట్టేసినా మూడు రోజులు ఆగాలట, అప్పుడుగాని దుకాణంవాడు తుపాకి చేతికివ్వకూడదట. ఎవరు ఎటు ఓటేశారో పేరుపేరునా చదివారు. తమ ప్రాంతం సభ్యుడు వెండెల్ లబౌంటీ బిల్లు వైపు ఓటేశాడు. ఎర్లీన్ గమ్ ముక్కని చెత్త సంచిలో వేసి, రేడియో కట్టేసి, పక్క సీటు కిందకి వంగింది.

అమెరికా ఉత్తరాన, కెనడా సరిహద్దుకి దగ్గర్లో ఉన్న ఆ కొండ ఊళ్లలో తుపాకి లేని ఇల్లు వెతికినా దొరకదు. ఎర్లీన్‌కి పన్నెండేళ్లప్పుడు తండ్రి రైఫిల్ పట్టుకోవడం నేర్పాడు. ఇప్పుడు ఆమెకి అరవై దాటాయి. తండ్రి రైఫిల్, భర్త నార్మ్ రైఫిల్, బాతుల వేటకి వాడే పాత తుపాకి, మూడూ ఇనప బీరువాలో ఉంటాయి. తాళం ఎప్పుడూ ఆమె దగ్గరే ఉండేది. రెండేళ్ల కిందట మార్చి నెలలో కొడుకు డెరిక్ ఆ తాళం అడగలేదు. పొద్దున్నే వంటింట్లో నిలబడి కాఫీ తాగి, ట్రక్కు టైరు మార్చాలని చెప్పి, పక్క ఊరికి వెళ్లి పిస్తోలు కొన్నాడు. సాయంత్రానికి దాంతోనే కాల్చుకుని పోయాడు.

అప్పటినుంచి ఎర్లీన్‌కి పెద్దగా ఏమీ అనిపించడం లేదు. ఏడుపొస్తుందని మొదట్లో ఎదురుచూసింది. రాలేదు. వేళకి లేస్తుంది, పిల్లల్ని బడికి చేరుస్తుంది, బంగాళాదుంపలు ఉడకేసుకుని తింటుంది. మంచు పడితే తవ్వుతుంది. ఎవరైనా ఎలా ఉన్నావంటే బావున్నానంటుంది. అది అబద్ధమని కూడా ఆమెకి తోచదు.

ఓటు పడిన మర్నాడు సరుకుల కొట్టుకి వెళితే, కాఫీ బల్ల దగ్గర మగవాళ్లు గుంపుగా ఉన్నారు. మధ్యలో గిల్, ఎప్పటిలాగే, చేతులు తిప్పుతూ చెబుతున్నాడు.

"ఇవాళ తుపాకికి మూడు రోజులన్నారు. రేపు జింకకి కూడా ముందే కబురంపాలంటారు చూడండి! 'అమ్మా జింకా, గురువారం వస్తున్నాం, ఇంట్లోనే ఉండు' అని!"

"వెండెల్‌గాడు వాళ్ల నాన్న పేరు చెడగొట్టాడు."

"వచ్చే ఎన్నికల్లో వాడికి వాడి కుక్క కూడా ఓటెయ్యదు."

"ఎందుకెయ్యదూ? మూడు రోజులు ఆగి వేస్తుంది," అన్నాడు గిల్.

అందరూ విరగబడి నవ్వారు. అంతలో ఒకాయన ఎర్లీన్‌ని చూశాడు. నవ్వు అక్కడికక్కడ తెగిపోయింది. గిల్ కాఫీ కప్పులోకి చూశాడు. ఎర్లీన్ పాలడబ్బా తీసుకుని, డబ్బులిచ్చి, తలుపు నెమ్మదిగా వేసి బయటికొచ్చింది. గిల్ మాట బాగానే ఉందనిపించింది. నవ్వొచ్చి ఉండేదే, నవ్వొచ్చే రోజులైతే.

ఆ వారం ఇద్దరు ఆమె ఇంటికి వచ్చారు. బిల్లు కోసం తిరిగిన ఒకావిడ అరటిపండు కేకు తెచ్చింది. "మీరు ఊరి సభలో నాలుగు మాటలు మాట్లాడితే చాలండీ, ఎంతోమందికి ధైర్యం వస్తుంది," అంది. బిల్లుని తిట్టే ఒకాయన, వాకిట్లో ఈ చట్టం వద్దనే బోర్డు పాతుకోవచ్చా అని అడిగాడు. "మీలాంటివాళ్లే కాదంటే వాళ్ల నోళ్లు మూతపడతాయి కదా," అన్నాడు. ఎర్లీన్ ఇద్దరికీ ఒకటే చెప్పింది, బస్సు వేళయిందని. కేకు మాత్రం తినేసింది. బావుంది.

రానివాడు వెండెల్ ఒక్కడే. నార్మ్‌కి చిన్ననాటి స్నేహితుడు. డెరిక్ శవపేటికని ముందు వైపు మోసింది అతనే. ఓటేశాక మాత్రం ఆమె గడప తొక్కలేదు. ఎందుకు ఓటేశాడో ఎక్కడా డెరిక్ పేరెత్తి చెప్పలేదు. ఎర్లీన్ అడగలేదు.

అక్టోబరు చివర్లో క్యాంపు బాగుచేసే రోజొచ్చింది. క్యాంపంటే అడవిలో ఒక్క గది చెక్క ఇల్లు, గోడలకి ఒకదాని మీద ఒకటిగా మంచాలు, నడుమ కట్టెల పొయ్యి. వెండెల్ తండ్రి తన స్నేహితులతో కలిసి కట్టాడు. నవంబరులో జింకల వేట మొదలయ్యేముందు అందరూ ఒక రోజు వచ్చి కట్టెలు కొట్టి, ఎలకల గూళ్లు ఊడ్చి, పొయ్యి గొట్టం మసి తీస్తారు. నార్మ్ పోయాక అతని మంచం ఎర్లీన్‌కి వచ్చింది. దాని కింద మంచం వెండెల్‌ది. భార్య పోయి, పిల్లలు లేని వెండెల్‌కి ఏడాదంతా ఎదురుచూసేది ఆ రెండు వారాలే. ఆ సంగతి అందరికీ తెలుసు. క్యాంపు పెద్ద మెర్ల్‌కి మరీ బాగా తెలుసు.

మధ్యాహ్నం చిక్కుడుగింజలు పొయ్యి మీద పెట్టి అందరూ కూర్చున్నారు. మెర్ల్ గొంతు సవరించుకున్నాడు.

"వెండెల్, చుట్టూ తిప్పి మాట్లాడ్డం నాకు చేతకాదు. నీ పక్కన పడుకోవడం ఇక్కడ కొందరికి ఇష్టం లేదు."

"నేను గురకపెడతానని ఎప్పట్నుంచో అంటున్నారుగా," అన్నాడు వెండెల్.

ఎవరూ నవ్వలేదు. గిల్ నవ్వబోయి ఆగాడు.

"మా తుపాకుల మీద చెయ్యి వేశావు. మాతో ఒక్కమాటైనా చెప్పకుండా! అయినా నిన్ను పొమ్మనాలని నాకు లేదు. అందుకే ఒక దారి ఆలోచించాం. గురి తప్పిందని చెప్పు. చొక్కా కోస్తాం. అంతటితో సరి. మళ్లీ ఆ మాట ఎత్తినవాణ్ణి నేనే బయటికి గెంటుతా."

ఆ క్యాంపు ఆచారం అది. కళ్లెదుట నిలబడిన జింకని కాల్చి గురి తప్పినవాడు సాయంత్రం అందరి ముందూ వెనక్కి తిరిగి నిలబడాలి. "తప్పిందా?" అని అడుగుతారు. "తప్పింది" అని అతను ఒప్పుకోవాలి. అప్పుడు చొక్కా వెనక అంచు కోసి, పేరు రాసి, దూలానికి మేకు కొడతారు. ఆ తరువాత ఎంత తాగినా ఎవరూ ఆ తప్పు గురించి దెప్పకూడదు. ఆ దూలం నిండా రంగు వెలిసిన గుడ్డ ముక్కలే. వెండెల్ తండ్రిదీ ఒకటుంది. కత్తెర పట్టడం నార్మ్ పని. అతని తరువాత ఎర్లీన్ పని.

"కాదంటే?" అని అడిగాడు వెండెల్.

"కాదంటే చేతులెత్తుతాం. అందరూ ఎత్తితే నీ మంచం ఖాళీ. నియమం మీ నాన్న పెట్టిందే."

"కొత్త చొక్కా తొడుక్కొచ్చావేమిటయ్యా!" అన్నాడు గిల్. "పాతది వేసుకు రావాల్సింది."

వెండెల్ చాలాసేపు తన మంచం వైపు చూశాడు. తరువాత లేచాడు. వెనక్కి తిరిగి, ప్యాంటులోంచి చొక్కా పైకి లాగాడు. ఎర్లీన్ మేకుకి వేలాడుతున్న కత్తెర తీసుకుని అతని వెనక నిలబడింది. మెడ మీద జుట్టు తనే అద్దంలో చూసుకుని కత్తిరించుకున్నట్టుంది, ఎగుడుదిగుడుగా ఉంది. చొక్కా అంచు పట్టుకుంది. చేతికి మందంగా, వెచ్చగా తగిలింది.

"తప్పిందా?" అంది, ఎన్నో ఏళ్లుగా అడిగినట్టే.

పొయ్యి మీద గింజలు బుడబుడలాడుతున్నాయి.

"ఇంకోసారి అడుగు," అన్నాడు మెర్ల్.

ఈసారి ఎర్లీన్ ఆచారం కోసం అడగలేదు. "వెండెల్, తప్పిందా నీకు?"

అతను గోడకేసి చూస్తూనే చెప్పాడు. "లేదు ఎర్లీన్. తప్పలేదు."

ఆమె చొక్కా వదిలేసింది. "అయితే కొయ్యను."

"అరే, నోటితో ఒక్క మాటంటే పోయేదానికి!" మెర్ల్ ముఖం ఎర్రబడింది. "నీ మనసులో ఏముందో ఎవడడిగాడు? అనేసి కూర్చోవచ్చుగా!"

"ఈ దూలం మీద ఒక్క అబద్ధమూ లేదు మెర్ల్," అన్నాడు వెండెల్, చొక్కా లోపలికి దోపుకుంటూ. "మా నాన్న ముక్కతో సహా."

"సరే. నీ ఇష్టం. చేతులెత్తండి."

మెర్ల్ చెయ్యి ముందు లేచింది. తరువాత ఒకటీ, మరొకటీ. గిల్ చెయ్యి చెవిదాకా లేచి, అక్కడ కాసేపు గోక్కుని, పైకి వెళ్లింది. వెండెల్ నేలకేసి చూస్తున్నాడు. ఎర్లీన్ రెండు చేతులూ ఒళ్లో ఉన్నాయి. ఒకదాంట్లో కత్తెర ఇంకా ఉంది.

"ఎర్లీన్? నీ చెయ్యి?"

"ఎత్తను."

"అంటే, నువ్వా చట్టం వైపా?"

"తెలీదు."

"తెలీకపోవడమేమిటి? నీ దగ్గరా మూడు తుపాకులున్నాయి కదా! నీకూ ఏదో ఒకటి అనిపించాలిగా!"

"అనిపించాలనే నేనూ చూస్తున్నా." ఆమె గొంతు బస్సులో పిల్లల్ని కూర్చోమని చెప్పేటప్పటిలాగే ఉంది. "మూడు రోజులు ఆపితే డెరిక్ నాలుగోరోజు వెళ్లి తెచ్చుకునేవాడేమో. అసలు వెళ్లేవాడే కాదేమో. పొద్దునా సాయంత్రం బస్సు నడుపుతూ అదే ఆలోచిస్తున్నా. నాకు తెలీదు మెర్ల్. నీకూ తెలీదు. వెండెల్‌కి తెలిసినట్టుంది, ఓటేశాడు. అతను తప్పు చేశాడో లేదో నేను చెప్పలేను. కానీ మంచం తియ్యొద్దు. అది మాత్రం చెప్పగలను."

డెరిక్ పేరు ఆ గదిలో పలకడం రెండేళ్లలో అదే మొదటిసారి. లేచిన చేతులు ఒక్కొక్కటే దిగాయి. ఆమె చెయ్యి లేకుండా నియమం ప్రకారం అవి లెక్కలోకి రావు. మెర్ల్ టోపీ తీసుకుని బయటికి వెళ్లాడు. వెళ్లిపోతాడేమో అనుకున్నారుగాని, కాసేపటికి కట్టెలు కొడుతున్న చప్పుడు వినిపించింది. కొట్టాల్సినదానికంటే గట్టిగా కొడుతున్నాడు.

"గింజలు అడుగంటాయి," అన్నాడు గిల్.

అడుగంటినవే తిన్నారు. మెర్ల్‌కి ఒక పళ్లెం మూతపెట్టి ఉంచారు.

మసి తియ్యడం ఇంకా మిగిలే ఉంది. వెండెల్ గొట్టం బ్రష్ తీసుకుని బయటికి వచ్చాడు. ఎర్లీన్ నిచ్చెనని గోడకి ఆనించి, కాళ్లు నేలలో దిగేలా నొక్కింది. అతను మొదటి మెట్టు మీద కాలు పెట్టి ఆగాడు.

"ఎర్లీన్, ఆ రోజు సభలో నా పేరు పిలిచినప్పుడు నేను..."

"ఇప్పుడు చెప్పకు."

"సరే."

"ఎప్పుడైనా అడుగుతాను. అడిగితే చెప్పు."

"చెప్తాను."

అతను ఎక్కాడు. పైన బ్రష్ గొట్టంలో కిందికీ మీదికీ గరగరలాడింది. నిచ్చెన అతని బరువుకి కొద్దిగా వణుకుతుంటే ఎర్లీన్ రెండు చేతులతో బిగించి పట్టుకుంది. తన లోపల ఏదైనా కదులుతుందేమోనని చూసింది. ఏమీ కదల్లేదు. గొడ్డలి చప్పుడు ఆగింది. మెర్ల్ చంకలో కట్టెల మోపుతో వచ్చి, ఆమె పక్కనుంచే లోపలికి వెళ్లి, పొయ్యి పక్కన పేర్చి మళ్లీ బయటికొచ్చాడు. తరువాత నిచ్చెన రెండో కాలు మీద తన బూటు ఆనించి, పైకి చూడకుండా, "గొట్టం మూల ఇంకా మసి ఉందని చెప్పు వాడికి," అన్నాడు.

"ఆ మూల ఇంకా మసి ఉందట," అంది ఎర్లీన్ పైకి చూసి.