తక్కువొచ్చిన మీటర్లు

మల్దకల్ ఈరన్న దేవుణ్ణి నమ్ముతాడు, పెళ్లాన్ని నమ్ముతాడు, కరెంటును కూడా కొంతవరకు నమ్ముతాడు. దూరాన్ని మాత్రం నమ్మడు. ఎవరెన్ని కిలోమీటర్లని చెప్పినా, రోడ్డు పక్క రాయి మీద చెక్కి ఉన్నా, ఫోన్‌లో నీలం గీత గీసి చూపించినా ఒకటే మాట. "గది వాళ్ల లెక్క. నా చక్రం లెక్క వేరుంటది."

ఒకసారి దవాఖానకు పోతే, షుగరు అంచులో ఉంది, రోజూ మూడు కిలోమీటర్లు నడవమన్నాడు డాక్టరు. "ఎవరి మూడు సార్?" అని అడిగాడు ఈరన్న. డాక్టరు మందుల చీటీ పక్కన పెట్టి బీపీ చూశాడు. ఈరన్నది కాదు, తనది.

మేనకోడలి పెళ్లిలో ఫంక్షన్ హాలు అర కిలోమీటరే అన్నారని, బరాత్‌లో పెళ్లికొడుకు గుర్రం పక్కన సైకిలు నడిపించుకుంటూ పోయి కొలిచాడు. మండపంలో అయ్యవారి మంత్రం కంటే ముందు ఈరన్న మాటే వినిపించింది. "ఏడువందల ఇరవై మీటర్లు! గుర్రానికి అన్యాయం చేసిన్రు."

దీనికంతటికీ మూలం అతని పని. ఈరన్నది బోరు మోటార్ల వైండింగ్. రాగి తీగ చుట్టేటప్పుడు ఒక్క చుట్టు లెక్క తప్పితే మోటారు కాలుతుంది, మోటారు కాలితే చేను ఎండుతుంది. ఇరవై ఏడేళ్లుగా చుట్లు లెక్కబెట్టిన మనిషికి లోకంలో తిరిగేవన్నీ లెక్కబెట్టదగినవిగానే కనిపిస్తాయి. అతని సైకిలు ముందు చక్రం ఒక్కసారి తిరిగితే రెండు మీటర్ల పది సెంటీమీటర్లు. స్పోకుకు కట్టిన అట్టముక్క చుట్టుకొకసారి 'టప్' అంటుంది. వంద టప్పులకు ఒక చింతగింజ కుడి జేబులోంచి ఎడమ జేబులోకి పోతుంది. మధ్యలో ఎవరైనా "బాగున్నవా అన్నా?" అంటే జవాబు రాదు. ఎందుకంటే అప్పుడతను నలభై ఆరు దగ్గర ఉంటాడు.

ఇలాంటి మనిషి శివశంకర్ సారు పాలిట పడ్డాడు.

శివశంకర్ సారు రిటైరైన పీఈటీ. గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ సైకిలు తొక్కేవాళ్లను కూడగట్టి ఒక సంఘం పెట్టాడు. చలికాలంలో ఐదు ఆదివారాలు ఐదు రేసులు. వచ్చేది ఇరవై పాతిక మంది: టీచర్లు, మెకానిక్కులు, రైతులు, ఒక పోస్ట్‌మాస్టరు. ఒక్కో స్థానానికి ఒక్కో పాయింటు తేడా. ఐదు రేసులయ్యాక మొదటి పదిమందికి సంఘం జెర్సీ, వీపు మీద పేరు అచ్చేసి ఇస్తారు. ఈరన్న ఏడేళ్లుగా తొక్కుతున్నాడు. వయసు నలభై తొమ్మిది. ఇప్పటిదాకా అతని పేరు అచ్చయింది ఓటరు లిస్టులోనే, అదీ 'వీరన్న' అని.

రేసు దూరాలు కొలిచేది శివశంకర్ సారే, తన మోటారుసైకిలు మీద, స్వయంగా. ఆ సంగతి తెలిసీ ఈ సీజన్ మొదటి రేసు పొద్దున గద్వాల బయట అందరూ గీత మీద నిలబడ్డాక ఈరన్న చెయ్యెత్తాడు.

"సార్, నిన్న శనివారం రోడ్డంతా కొలిచిన. మీరు ముప్పై కిలోమీటర్లన్నరు. నూటా ఎనభై మీటర్లు తక్కువుంది."

"తక్కువుంటే నీకే మంచిది గదనయ్యా! తొందరగ వస్తవ్."

"మంచి చెడ్డ కాదు సార్. లెక్క."

ఇరవై నిమిషాలు వాదన. వెనక నుంచి మధు అరిచాడు, "మీటరన్నా, గా నూటా ఎనభై నేను ఉత్తగ తొక్కిపెడత గని, జర పోనియ్యి!" మధు వనపర్తిలో సెల్‌ఫోన్లు బాగుచేస్తాడు, నోరు కూడా ఎప్పుడూ ఫుల్ చార్జింగులోనే ఉంటుంది. అప్పట్నుంచి ఈరన్న మూడు జిల్లాల్లో మీటరన్న అయిపోయాడు.

రెండో రేసు నాగర్‌కర్నూల్ నుంచి కల్వకుర్తి రోడ్డు మీద. మూడువందల పది మీటర్లు తక్కువ. మూడో రేసుకు రెండువందల నలభై. సారు రాత్రి పడుకుంటే కళ్ల ముందు చింతగింజలు దొర్లాయి. మళ్లీ కొలిచాడు. మోటారుసైకిలు మీటరు మార్పించాడు. కొడుకు కారు తెప్పించి దాంతో కొలిపించాడు. మూడూ ఒకటే చెప్పాయి. ఈరన్న చక్రం ఒక్కటే వేరే చెప్పింది.

నాలుగో రేసు పొద్దున ఈరన్న చెయ్యెత్తకముందే సారు మైకు అందుకున్నాడు.

"ఎంత?"

"మూడువందల అరవై సార్."

"ఇగ చాలు ఈరన్నా. పరేషాన్ జేస్తున్నవ్. వచ్చే రేసు ఆఖరుది. ముందటి రోజు నువ్వు ఆ రోడ్డు మీద కనిపిస్తే పేరు కొట్టేస్త. నిజంగ కొట్టేస్త."

ఈరన్న మొహంలో రంగు పోయింది. నాలుగో రేసు అయ్యేసరికి పాయింట్లలో అతనిది పదో స్థానం. రెండే పాయింట్ల వెనక, పదకొండులో మధు. పేరు కొట్టేస్తే జెర్సీ మధుకే పోతుంది. "శనివారం రోడ్డెక్కకుంటె కాదు సార్..." అని ఏదో చెప్పబోయాడు. సారు వినలేదు. "ఇంట్ల ఉండు" అన్నాడు.

ఈరన్న ఇంట్లోనే ఉన్నాడు.

ఐదో రేసు వనపర్తి నుంచి గోపాల్‌పేట పోయి రావడం, ఇరవై నాలుగు కిలోమీటర్లు. ఈ సీజన్‌లో మొట్టమొదటిసారి రేసు టైముకు మొదలైంది. మోటారుసైకిలు మీద వెనకాలే పోతూ సారు చాలా రోజుల తరవాత కూనిరాగం తీశాడు. మూడో కిలోమీటరు దగ్గర రాగం ఆగింది. ఇద్దరు రోడ్డు పక్కన కూర్చొని ట్యూబులు పీకుతున్నారు. ఇంకొంచెం ముందు నలుగురు. వాళ్లను దాటితే పోస్ట్‌మాస్టరు, టైరుకు దిగిన తుమ్మముల్లును వేళ్లతో పట్టుకొని, అడ్రసు లేని ఉత్తరాన్ని చూసినట్టు చూస్తున్నాడు. చేలకు కంచె కోసం ట్రాక్టర్ల మీద కంప తోలిన రోజులవి. రోడ్డు పొడుగునా రాలిన ముళ్లే.

ఆరో కిలోమీటరు దగ్గర మధు కూడా కూర్చున్నాడు. "ఏం రోడ్డు సార్ ఇది? నాలుగు రేసులల్ల ఒక్క పంచరు లేదు, ఇయ్యాల ఒక్కపారే ఏమొచ్చింది?" అని మండిపడ్డాడు. సారు జవాబు చెప్పేలోపే 'స్‌స్‌స్' మని చప్పుడయింది. సారు మోటారుసైకిలు కుంటింది.

సారు దిగి తల పట్టుకొని ముందుకు చూశాడు. దూరంగా ఎత్తు మీద ఒక వింత కనిపించింది. సైకిలు మనిషిని ఎక్కి పోతోంది. ఈరన్న సైకిలును భుజాన వేసుకొని, కళ్లు నేల మీద పెట్టి, కంప రాలిన చోటల్లా కొంగలా అడుగులేస్తూ పరుగెడుతున్నాడు. శుభ్రమైన రోడ్డు రాగానే సైకిలు దించి ఎక్కాడు. అలవాటైన పనిలా ఎంత సాఫీగా చేశాడంటే, సారుకు కోపం మధ్యలోనే ముచ్చటేసింది.

సారు చాలాసేపటికి ఎవరి ఆటోనో పట్టుకొని వనపర్తి చేరేసరికి ఈరన్న అందరికంటే ముందు గీత దాటి నిలబడి ఉన్నాడు. జీవితంలో మొదటిసారి ఫస్టు వచ్చినవాడు ఎగరాలి. అతను ఎడమ జేబులోని చింతగింజలు లెక్కబెడుతున్నాడు. శనివారం కొలవద్దన్నారు గాని రేసులో కొలవద్దని ఎవరూ అనలేదు గదా.

"చెప్పు, ఎంత తక్కువ?" అన్నాడు సారు, నీరసంగా.

"మూడువందల తొంభై..." అని నోరు తెరిచిన ఈరన్న అట్లాగే ఆగిపోయాడు. సైకిలును చూశాడు. తన భుజాన్ని చూశాడు. చేత్తో నుదురు కొట్టుకున్నాడు. "ఏం లేదు సార్. మీ లెక్క రైటే" అని తల దించుకున్నాడు.

సారుకేమీ అర్థం కాలేదు. అంతలో బస్సు దిగి ఒకామె చేతిలో కొత్త ఈతచీపురుతో పరుగున వచ్చింది. ఈరన్న భార్య జమ్ములమ్మ.

"సారూ, జర ఆగున్రి! మా ఆయన పేరు కొట్టకున్రి. నిన్న ఇంట్లనే ఉండి చీపురు మర్చిపోయిండు, నేను తెచ్చిన!"

"చీపురేందమ్మా?"

"మీ రూలే గద! రేసు ముందటి రోజు రోడ్డు ఊడ్వనీకి ఒక్కొక్కరు ఒక్కో చీపురు తేవాలంట గద? నాలుగు రేసులకు నాలుగు చీపుర్లు మొండిగైనయ్. తప్పనుకోకున్రి సారూ, మిగిలినోళ్లు గూడ తెస్తున్రా, లేకుంటె మా ఇంటి చీపుర్లతోనే మూడు జిల్లాలు ఊడుస్తున్రా?"

సారు చీపురును చూశాడు, సైకిలును చూశాడు. కంప ఉన్నచోట సైకిలు భుజం మీద. భుజం మీదున్న చక్రం తిరగదు. తిరగని చక్రం 'టప్' అనదు. నాలుగు రేసుల్లో తక్కువొచ్చిన మీటర్లన్నీ ఈ మనిషి ఒక చేత్తో సైకిలు మోస్తూ, ఇంకో చేత్తో ఊడ్చుకుంటూ పోయిన మీటర్లు! ఆ సంగతి అతనికే ఇప్పటిదాకా తట్టలేదు.

"చెప్పొచ్చు గదనయ్యా!"

"పోయినేడు ముందు టైరుకు ముల్లు దిగి మధు పడ్డడు గద సార్. భుజం విరిగె. అప్పట్సంది ఊడుస్తున్న. చెప్తే ఏమైతది? ఊడ్చేటోన్ని చూసి నవ్వుతరు. కొలిచేటోనికైతే పిచ్చోడని తొవ్వ ఇడుస్తరు."

అప్పుడే మధు పంచరైన సైకిలు నడిపించుకుంటూ వచ్చాడు, వెనక ఇంకో పదిమంది. రేసు మళ్లీ పెట్టాల్సిందేనని దారి పొడుగునా అరుచుకుంటూ వచ్చినవాళ్లు, సంగతి వినగానే నోళ్లు మూసుకున్నారు. మధు తన భుజం తడుముకున్నాడు.

"సార్," అన్నాడు చివరికి, "రేసు అయిపోయింది. ఈరన్ననే ఫస్టు."

"సైకిలు ఎత్తుకొని ఉరికిండు గద, చెల్లుతదా?" అన్నాడు పోస్ట్‌మాస్టరు.

సారు రూల్సు కాగితం తీశాడు. "సైకిలుతో గీత దాటాలని ఉంది. ఎవరి మీద ఎవరు ఉండాలో రాయలే."

అందరూ చప్పట్లు కొట్టారు. ఈరన్న మాత్రం అడ్డంగా తలూపాడు. "మళ్ల పెట్టున్రి సార్. ముళ్లు తప్పించుకునుట్ల నేను ఫస్టే. తొక్కుట్ల కాదు. ముళ్లతోని వచ్చిన పేరు వీపు మీద ఏసుకుంటే గుచ్చుకుంటది."

జమ్ములమ్మ మొగుడి వైపు గుర్రుగా చూసింది. "వచ్చిన జెర్సీ ఇడిసిపెడ్తవా?" ఈరన్న సైకిలు గొలుసును చూడసాగాడు.

వచ్చే ఆదివారం మళ్లీ రేసన్నారు. శనివారం పొద్దున సారు బాగుచేయించిన మోటారుసైకిలు మీద, ఎవరికీ చెప్పకుండా, చీపురు కట్టుకొని గోపాల్‌పేట రోడ్డెక్కాడు. ఎవరూ చూడకముందే నాలుగు కిలోమీటర్లు ఊడ్చి వద్దామని. తీరా పోతే అక్కడ పద్దెనిమిది చీపుర్లు. మధు తన షాపులోని చిన్న బ్రష్షు కూడా తెచ్చాడు. దాంతో ఒక్కో ముల్లును ఫోన్ లోపలి దుమ్ములా దులుపుతున్నాడు. మధ్యలో ఈరన్న, మేస్త్రీలా.

"గట్ల కాదు పోస్ట్‌మాస్టర్ సాబ్! గాలికి ఎదురు ఊడిస్తే ముల్లు మళ్ల రోడ్డు మీదికే వస్తది. నేలకు ఆనించి గుంజున్రి. మధూ, అది ఫోను కాదు, రోడ్డు."

ఆదివారం రేసులో ఒక్క పంచరు లేదు. చివరి రెండు కిలోమీటర్లు మధు, ఈరన్న పక్కపక్కనే తొక్కారు. మధు జాలి చూపలేదు, ఈరన్న అడగలేదు. మధు అరచక్రం ముందు గీత దాటాడు. మధుకు ఒక పాయింటు ఎక్కువ, మొత్తంలో ఈరన్నకు ఇంకా ఒక పాయింటు ముందు. పదో స్థానం నిలిచింది.

"దూరం?" అని అడిగాడు సారు, అలవాటు కొద్దీ గుండె పట్టుకొని.

"సమం సార్" అన్నాడు ఈరన్న. ఊడ్చిన రోడ్డు మీద చక్రం ఒక్కసారీ నేల విడవలేదు మరి. కానీ ఆ మాట అంటున్నప్పుడు అతని మొహం, చేతిలో పని లేనివాడి మొహంలా ఉంది.

జెర్సీ ఇచ్చారు. వీపు మీద 'ఈరన్న' అని పసుపు అక్షరాలు, 'వీ' కాదు, 'ఈ'నే. మధు ముందుండి ఈల వేశాడు. ఈరన్న తొడుక్కున్నాడు, ముందుకీ వెనక్కీ తిరిగాడు, లాగి చూసుకున్నాడు. నెమ్మదిగా అతని చెయ్యి పైకి లేచింది.

"సార్, సైజు నలభై రెండని రాసిన్రు. రెండు ఇంచులు తక్కువుంది."

సారు నోరు తెరిచేలోపే జమ్ములమ్మ అందుకుంది.

"జెర్సీ సరిగ్గనే ఉంది. పొట్ట కొలుసుకో."