రెండో బూరె

తెలంగాణ ఉద్యమానికి పోయినవాళ్ల పేర్లు కంపెనీ ఓనరు భార్య చెవిలో వేసింది నా స్నేహితురాలేనని అందరూ అంటారు. మొన్న నాగోల్‌లో ఒక పెళ్లిలో నా ఎదుటే అన్నారు. అబద్ధం. ఆ రోజు హోటల్లో ఆమె పక్క కుర్చీలో ఉన్నది నేను. ఈ కథ చెప్పేవాళ్లలో సగం మంది ఆ హాల్లోనే లేరు. ఉన్న సగం మందీ ఎదురు వరుసలో కూర్చొని పప్పులో ఆవకాయ కలుపుకుంటున్నారు.

అది విత్తనాల కంపెనీ. ఎల్బీనగర్ చౌరస్తాకు కాస్త ఇవతల ఆఫీసు. ఓనరు గోదావరి వైపు నుంచి వచ్చినాయన. ఏటా ఒకసారి స్టాఫ్‌కు హోటల్లో విందు ఇచ్చేవాడు. బల్లల మీద అరిటాకులు వేసి హోటలు వాళ్లే అన్నీ వడ్డించేవారు, ఒక్క పూర్ణం బూరె తప్ప. అది ఓనరు తన చేత్తో ఒక్కొక్కరి ఆకులో వేస్తాడు. వెనకే ఆయన భార్య వచ్చి, బొటనవేలితో బూరెకు చిల్లు పెట్టి అందులో నెయ్యి పోస్తుంది. మనిషికి ఒకటే. ఆ ఏడు తమకు పనికొచ్చారనుకున్నవాళ్లకు మాత్రం రెండోది పడుతుంది. పడిందంటే తర్వాత వాళ్లకేదో మేలు జరుగుతుందని స్టాఫ్ అందరికీ తెలుసు.

ఇది నా స్నేహితురాలి నోట విన్నప్పుడే నాకు ఒళ్లు మండింది. "మీరు ఉద్యోగం చేస్తున్నరా, బాలవాడికి పోతున్నరా?" అన్నాను.

"తియ్యగనే ఉంటది గదనే. నీకేంది నొప్పి?" అంది.

డిగ్రీలో నేనూ ఆమే ఒకే బెంచి. ఇద్దరిదీ నల్గొండ వైపే. నేను దిల్‌సుఖ్‌నగర్‌లో ఒక ప్రైవేటు కాలేజీలో పాఠాలు చెప్పేదాన్ని, ఆమె ఆ కంపెనీలో అకౌంట్స్ చూసేది. భర్త పనిచేసే కార్ఖానా మూతపడ్డాక ఇల్లు ఆమె జీతం మీదే నడుస్తోంది. విందుకు ఇంటి నుంచి ఒకరిని తీసుకురావచ్చు. ఆయనగారు "ఆంధ్రోళ్ల బువ్వ నేను తిన" అన్నాడట. రోజూ తినే బువ్వ ఏ జీతంతో వస్తుందో కనుక్కోమన్నాను. కనుక్కోలేదు, నన్నే రమ్మంది.

విందు రోజు బంద్. తేదీ మార్చితే భయపడ్డారనుకుంటారని ఓనరు మార్చలేదు. బస్సుల్లేవు, ఆటోలు రామన్నాయి. దిల్‌సుఖ్‌నగర్ నుంచి నడిచే వెళ్లాం. పళ్ల మార్కెట్ దగ్గర లారీల్లోనే మగ్గిపోతున్న బత్తాయిల వాసన, దాని మీద కాలిన టైర్ల వాసన. అక్కడ చెప్పింది అసలు సంగతి.

"వంటావార్పుకు పోయినోళ్లను తీసేస్తరంటనే."

రోడ్డు మీద పొయ్యి పెట్టి, వండి, అందరూ అక్కడే కూర్చొని తినే నిరసన అది. ఆ ముందు వారమే జరిగింది.

"నువ్వు పోయినవు గదా?"

"పోయిన. మేం ఐదుగురమే పోయినం. ఇంకెవ్వలకు ఎరికలేదు."

ఆ ఐదుగురు ఎవరంటే ఆమె, ఆఫీసులోని మరో ముగ్గురు, వాళ్లందరినీ వెంటబెట్టుకుపోయిన పెద్ద క్లర్కు. ఆయనదీ మా వైపే.

హోటలు బోర్డు మీద 'ఆంధ్రా' అన్న మాటకు తెల్ల రంగు పూసి ఉంది. 'భోజనం' మిగిలింది. సగం దించిన షట్టరు కింద నుంచి, కట్టుకున్న పట్టుచీరలు నేలకు రాసుకుంటుండగా వంగి లోపలికి పోయాం. లోపల ఎవరూ చెప్పకుండానే అటువాళ్లు ఒక వరుస, ఇటువాళ్లు ఒక వరుస. ఓనరు భార్య చేయి ఊపింది. "ఏవమ్మా, ఇలా రా, నా పక్కన కూర్చో. మీ ఫ్రెండా? మీరూ రండి."

పిలిస్తే పోక ఏం చేస్తుంది? ఎదురు వరుస నుంచి పెద్ద క్లర్కు హాలంతా వినపడేలా అరిచాడు. "చెల్లే, పెద్దోళ్ల పక్కకు పోయినవ్! జర మమ్ముల గూడ యాదికుంచుకో!" అందరూ నవ్వారు. ఈనాటికీ జనం చెప్పే సాక్ష్యం ఆ నవ్వే.

పప్పు అయ్యాక ఓనరు భార్య గొంతు తగ్గించింది. "మా ఆయన చాలా బాధపడుతున్నారమ్మా. మన దగ్గర పని చేస్తూ రోడ్డెక్కుతారా? ఎవరెవరెళ్లారో నీకు తెలీకుండా ఉండదు. చెప్పు, నీ పేరు బయటికి రానివ్వను."

నేను నోరు తెరవబోతే బల్ల కింద నా కాలు తొక్కింది నా స్నేహితురాలు. కలిపిన ముద్ద ఆకులో వదిలేసి, "నేను పోయిన మేడం" అంది.

"నువ్వా?"

"ఔ మేడం. మనోళ్లు ఇంకెవ్వరు నాకు కనవడలె."

అదొక్కటే ఆ రోజు ఆమె ఆడిన అబద్ధం. ఓనరు భార్య "సర్లే, తిను" అని లేచి, నెయ్యి గిన్నె అందుకోవడానికి పోయింది.

ఓనరు వచ్చాడు. నా స్నేహితురాలి ఆకులో బూరె వేశాడు, నా ఆకులో వేశాడు. వెనక నుంచి భార్య వచ్చింది. నా స్నేహితురాలి ఆకు ముందు ఒక్క క్షణం ఆగి, దాటి, నా బూరెకు చిల్లు పెట్టి నెయ్యి పోసింది. నేను బూరె పక్కకు నెట్టేశాను. ఆమె మాత్రం నెయ్యి లేని ఆ బూరెను మిగల్చకుండా తింది. ఒక్కో ముక్కా నీళ్లతో మింగింది.

ఎదురు వరుసలో రెండో బూరె ఒక్కరికే పడింది, పెద్ద క్లర్కుకు. "వద్దు సార్, షుగరుంది" అని నవ్వుతూ చేయి అడ్డం పెట్టాడు. ఆ చేతి పక్క నుంచే వేశాడు ఓనరు.

నెల తిరక్కుండా నలుగురికి ఉద్యోగాలు పోయాయి, ఆమెకూ, ఆ ముగ్గురికీ. ఆమె చెప్పి ఉంటే ఆమెను ఎందుకు తీశారని అడిగితే, "వాడుకొని పారేసిండ్రు" అంటారు. దేనికైనా జవాబు తయారుగా ఉంటుంది. రాష్ట్రం వచ్చాక ఉద్యమకారుడని పెద్ద క్లర్కు మెడలో దండలు పడ్డాయి. ఆమె వనస్థలిపురంలో ఒక బట్టల షాపులో సగం జీతానికి లెక్కలు రాస్తోంది. ఆ ముగ్గురూ దారిలో ఎదురైనా ముఖం తిప్పుకుంటారు. నలుగురిలో నిలదీద్దాం పా అంటే రాదు. "నేను మేడం పక్కన కూసున్నది అందరు చూసిన్రు. ఏం చెప్పిన్నో ఎవ్వలు విన్లె. పోనియ్యే" అంటుంది.

నేను పోనివ్వను. మొన్నటి పెళ్లి ఆ ముగ్గురిలో ఒకాయన కూతురిది. పెళ్లికూతురు మా కాలేజీలో చదివింది కాబట్టి నాకు కార్డు వచ్చింది, నా స్నేహితురాలికి రాలేదు. పెద్ద క్లర్కు ముందు వరుసలో కూర్చొని, "పేర్లు చెప్పి గూడ నౌకరి నిలవెట్టుకోలే, పాపం" అంటున్నాడు. ఆయనే చెప్పాడని నేను అనను, నేను చూడలేదు. చూడనిదాన్ని చూసినట్టు చెప్పడం వాళ్ల అలవాటు. చూసిన ఒక్కదాని గురించే అడిగాను. చేయి కడుక్కొని వస్తానని లేచినాయన ఇప్పటిదాకా రాలేదు, అందుకని మళ్లీ ఇక్కడ అడుగుతున్నాను. అన్నా, ఆ రోజు నీ ఆకులో రెండో బూరె ఎందుకు పడింది?