బుక్కుడుకు ఇంగ్లీషులో ఏమంటారు

తెలంగాణ రాష్ట్రం ఏర్పడిన రెండు మూడేళ్లకు, వేసవి సెలవులు ముగిసి కోర్టులు తెరిచిన జూన్ నెలలో, నన్ను ఇబ్రహీంపట్నం మేజిస్ట్రేటు కోర్టుకు స్టెనోగ్రాఫరుగా బదిలీ చేశారు. అంతకుముందు నేను పనిచేసినవన్నీ సివిల్ కోర్టులు. గట్టు తగాదాలు, వాటాల పంపకాలు. ఆ దావాల భాష ఏ ఊళ్లోనైనా ఒకటే, నిద్రలోనైనా టైపు చేయవచ్చు. ఇబ్రహీంపట్నంలో నాకు క్రిమినల్ కేసులు అప్పగించారు. ఆ కేసుల్లో మనుషులు నోరు తెరిచి మాట్లాడతారు. కష్టమంతా అక్కడే వచ్చింది.

స్టెనో అంటే జడ్జిగారు చెప్పింది టైపు చేసే మనిషి అని బయటివాళ్లు అనుకుంటారు. నిజమే, కాని సగమే. సాక్షి బోనులో నిలబడి తెలుగులో చెబుతాడు. మేజిస్ట్రేటు దాన్ని విని, అక్కడికక్కడే ఇంగ్లీషులోకి మార్చి పైకి చెబుతారు. స్టెనో కంప్యూటరులో కొడుతుంది. అంతా అయ్యాక ఆ వాంగ్మూలాన్ని మళ్లీ తెలుగులో సాక్షికి చదివి వినిపించాలి. తాను చెప్పింది అదేనని ఒప్పుకుంటేనే సంతకం పెడతాడు. మా కోర్టులో చదివి వినిపించే పని నాది. మేకగా వెళ్లిన మాట గొర్రెగా తిరిగి వస్తే బయటపడేది ఆ కాసేపట్లోనే.

నేను చేరిన కొద్ది నెలలకు ఒక స్వల్ప గాయం కేసు విచారణకు వచ్చింది. ఫిర్యాది యాదిరెడ్డి, దగ్గరి ఊరి రైతు. ముద్దాయి నర్సిరెడ్డి, ఆయనకు స్వయానా బామ్మర్ది, అదే ఊరు. నర్సిరెడ్డి కొత్తింటి దావత్‌లో, తాను అన్నం తింటుండగా బామ్మర్ది అకారణంగా గంటెతో కొట్టాడని యాదిరెడ్డి ఫిర్యాదు. ఎడమ కనుబొమ్మ మీద గాయం, ప్రభుత్వ దవాఖానలో రెండు కుట్లు. నర్సిరెడ్డి వాదన వేరు. తాను కొట్టలేదట. బావ ఆత్రంగా తింటుంటే ముద్ద గొంతుకు అడ్డం పడిందట. ఊపిరాడక కొట్టుకుంటుంటే వీపు చరిచాడట.

కాబట్టి కేసంతా ఒక్క ప్రశ్న మీద నిలబడింది: యాదిరెడ్డి ఎలా తిన్నాడు? నిదానంగా తిని ఉంటే ముద్ద అడ్డం పడదు, అప్పుడది దెబ్బే. ఆత్రంగా తిని ఉంటే అది సాయం. నిదానం ప్రాసిక్యూటరుకు కావాలి, ఆత్రం ముద్దాయి వకీలుకు కావాలి. ఇద్దరు చదువుకున్న మనుషులు ఒక పెద్దమనిషి నమలడం గురించి అంత పట్టుదలగా వాదించుకోవడం నేను అంతకుముందు చూడలేదు.

యాదిరెడ్డి భారీ మనిషి. ఆయన తిండికి ఊళ్లో పేరుంది, ఆ పేరు మీద ఆయనకు కొంత గర్వమూ ఉండేదని తర్వాత తెలిసింది. మొదటి సాక్షిగా బోనెక్కి, “మెల్లగనే తిన్న సార్. మర్యాదగ తిన్న,” అన్నాడు. వెనక బెంచీల మీద ఎవరో కిసుక్కున నవ్వారు. ఆయన భార్య సుగుణమ్మ నవ్వలేదు. ప్రతి వాయిదాకూ మొగుడితో పాటే వచ్చి వెనక బెంచీ చివర కూర్చునేది. ముద్దాయి ఆమె తమ్ముడే కదా. గొడవైన నాటి నుంచి రెండిళ్ల మధ్యా రాకపోకలు లేవు. రెండు వీధుల అవతల ఉన్న తల్లి దగ్గరికి కూడా ఆమె పోలేకపోయింది.

రెండో సాక్షి ఖాజా మియా. ఆ ఊళ్లో తాతల కాలం నుంచీ ఉన్న కుటుంబం. హిందువులదైనా ముస్లిములదైనా ఆ చుట్టుపక్కల ఏ దావత్‌కైనా ఆయనే వండాలి. ఆ రోజు బగారా అన్నం, మటన్ వండింది ఆయనే, వడ్డించింది ఆయనే. కోర్టుకు ఇస్త్రీ చొక్కా వేసుకుని, పెళ్లికి వచ్చినట్టు వచ్చాడు.

బామ్మర్ది వచ్చినప్పుడు ఏం జరిగిందని ప్రాసిక్యూటరు అడిగాడు. ఖాజా మియా గొంతు సవరించుకుని, “పటేలు మస్తు బుక్కిండు...” అన్నాడు. ఆ ఊళ్లో రెడ్లను పటేలు అంటారు, ఇక్కడ యాదిరెడ్డి అన్నమాట. కోర్టు హాలంతా ఒక్కసారి గొల్లుమంది. బుక్కడమంటే మర్యాదగా తినడం కాదు. ఎడాపెడా నోట్లో కుక్కుకోవడం. ఆ నవ్వుల్లో ఆయన వాక్యం తోక నాకూ వినిపించలేదు, మేజిస్ట్రేటుగారికీ వినిపించలేదు.

మేజిస్ట్రేటుగారు అప్పుడే ఉద్యోగంలో చేరిన యువకుడు. నగరంలో పెరిగినవాడు, ఇంగ్లీషు మీద మంచి పట్టు. ఒక్క క్షణం ఆలోచించి “డివౌర్‌డ్” అని చెప్పారు. నేను కొట్టాను. వెంటనే ప్రాసిక్యూటరు లేచి, డివౌర్ అనేది పులులు చేసే పని, నా ఫిర్యాదిని మృగంగా రికార్డు చేస్తే ఎలాగని అభ్యంతరం చెప్పాడు. ముద్దాయి వకీలు లేచి, అయితే “బోల్టెడ్” అని పెట్టండి, నమలకుండా మింగడం అని సాయం చేశాడు. ప్రాసిక్యూటరు ఒప్పుకోలేదు. బోల్ట్ అంటే పారిపోవడం కూడా, తలుపు గడియ పెట్టడం కూడా, రేపు పైకోర్టులో చదివినవాళ్లు నా ఫిర్యాది మటన్ తీసుకుని పారిపోయాడనుకుంటారు అన్నాడు. చివరికి మేజిస్ట్రేటుగారు ఇద్దరినీ కూర్చోబెట్టి “గాబుల్‌డ్” అని తేల్చారు.

ఎంత తిన్నాడన్న ప్రశ్నకు ఖాజా మియా “గొంతుదాక” అన్నాడు. దానికి “గోర్జ్‌డ్” పడింది. చివరి ముద్ద గురించి అడిగితే “మింగిండు” అన్నాడు. అక్కడ వకీలుగారి “బోల్టెడ్” పడింది.

ఇక నా వంతు. వాంగ్మూలం తీసి తెలుగులో చదవడం మొదలుపెట్టాను. యాదిరెడ్డి ఆత్రంగా తిన్నాడు. తర్వాత యాదిరెడ్డి ఆత్రంగా, అతిగా తిన్నాడు. చివరి ముద్ద కూడా యాదిరెడ్డి ఆత్రంగానే తిన్నాడు. ఇంగ్లీషులో వేరువేరు కుర్చీల్లో కూర్చున్న మాటలు నా నోట్లో ఒకే బెంచీ మీదికి వచ్చాయి.

ఖాజా మియా చేతిలోని పెన్ను బల్ల మీద పెట్టేశాడు. “గిది నేను చెప్పింది గాదు మేడం. గిట్ల రాస్తే పటేలు మొదటిసంది బుక్కినట్టే అయితది. నేను దస్కత్ పెట్ట.”

సాక్షి సంతకం పెట్టకపోవడం చిన్న విషయం కాదు. సాక్షి ఎదురు తిరిగాడని ప్రకటించండి అంటూ ప్రాసిక్యూటరు లేచాడు. పోలీసులకు ఇచ్చిన వాంగ్మూలానికి విరుద్ధంగా సొంత సాక్షే మాట్లాడితే, ఆ సాక్షిని ప్రాసిక్యూటరు క్రాస్ పరీక్ష చేయడానికి కోర్టు అనుమతిస్తుంది. మేజిస్ట్రేటుగారు గడియారం చూసి, మధ్యాహ్నం తర్వాత చూద్దామని లేచారు.

భోజన విరామంలో నన్ను ఛాంబరుకు పిలిచారు. బల్ల మీద లావుపాటి ఇంగ్లీషు నిఘంటువు, పక్కన టిఫిన్ డబ్బా. ఆయన ఒక చేత్తో తింటూ, ఇంకో చేత్తో పేజీలు తిప్పుతున్నారు. గాబుల్ అంటే తొందర, దానితో పాటు చప్పుడు. సీమకోడి, అంటే టర్కీ కోడి, కూతకూ ఇంగ్లీషువాళ్లు అదే మాట వాడతారు. గోర్జ్‌లో వేగం లేదు, మోతాదే ఉంది, గొంతుదాకా నింపడం. గల్ప్ గుటకకు సంబంధించింది, అన్నం కంటే నీళ్లకు బాగా నప్పుతుంది. గజిల్ కూడా దాదాపు తాగుడు పక్కదే. వుల్ఫ్ తోడేలు ఆకలి. బోల్ట్‌లో రుచి అన్నదే లేదు, పళ్లకు పని చెప్పకుండా లోపలికి తోసేయడం. డివౌర్‌లో ఆకలీ ఉంది, ఇష్టమూ ఉంది. మంట అడవిని చేసేది అదే, పుస్తకాల పిచ్చి ఉన్నవాడు పుస్తకాన్ని చేసేదీ అదే. స్కాఫ్ దగ్గర ఆయన ఆగిపోయారు. గబగబా తినడం ఒక అర్థం, ఎగతాళి చేయడం ఇంకో అర్థం.

“మంచిదైంది, ఇది వాడలేదు,” అన్నారు. “వాడితే మటన్‌ను ఎగతాళి చేశాడని మీరు చదివేవారు. ఖాజా మియా మన ఇద్దరి మీదా కేసు పెట్టేవాడు.”

అప్పటికి సాంబారన్నం డబ్బా ఖాళీ అయింది. విరామం అయిపోతోందన్న కంగారులో ఆయన తిన్న తీరుకు ఆ పేజీలోని ఏ మాట సరిపోతుందో నాకు తెలుసు. పైకి చెప్పలేదు. స్టెనోకు అడగని మాట చెప్పే అధికారం లేదు.

నిఘంటువు మూసి ఆయన ఒక మాట అన్నారు. ఈ మాటలన్నీ ఒకే పని గురించి కావచ్చు గాని ఒకే క్షణం గురించి కాకపోవచ్చు. సాక్షిని వరుసగా చెప్పమందాం.

మధ్యాహ్నం ఖాజా మియాను మళ్లీ బోనెక్కించారు. “ఎలా తిన్నాడని అడగను. మొదటి ముద్ద నుంచి జరిగింది జరిగినట్టు చెప్పు,” అన్నారు మేజిస్ట్రేటుగారు.

ఖాజా మియా అప్పుడు చెప్పాడు. “మొదలు పటేలు మంచిగ తిన్నడు సార్. ఒక్కొక్క బొక్క చీకుకుంట, కండ్లు మూసుకొని తిన్నడు. గట్ల తినెటోడు దొరికితే వండినోనికి పండుగ. వద్దంటున్నా నేనే ఇంకో గంటె ఏసిన. గప్పటికి మూడో బంతోళ్లు కుర్చీల ఎనుక నిలవడ్డరు. నర్సిరెడ్డి పటేలు గంటె పట్టుకొని గటుదిక్కు వచ్చిండు. ‘మస్తు బుక్కినవ్ బావా, ఇగ లే’ అన్నడు. అందరు నవ్విన్రు.”

ప్రాసిక్యూటరు అడ్డుపడ్డాడు. పొద్దున బుక్కాడని నువ్వే చెప్పావు కదా అన్నాడు.

“తౌబా! నేనెందుకంట సార్? పటేలు మస్తు బుక్కిండు అని బామ్మర్ది అన్నడు అని చెప్పవోయిన. మీరందరు నవ్వవడితిరి.”

హాలులో ఈసారి ఎవరూ నవ్వలేదు. “తర్వాత?” అన్నారు మేజిస్ట్రేటుగారు.

“తర్వాతేముంది సార్. పటేలుకు సిగ్గయింది. పల్లెంల ఉన్నదంత ఒక్కటే ముద్ద జేసి నోట్లె పెట్టుకున్నడు, జల్ది లేవాలని. నమలలే, మింగిండు. గొంతుల తట్టుకున్నది. మొకం ఎర్రగయింది. నర్సిరెడ్డి పటేలు బుగులు పడి ఈపు మీద సరిచిండు. చేతుల గంటె ఉన్న సంగతే యాదిల లేదు ఆయనకు. పటేలు ఇట్ల మర్లిండు, కనుబొమ్మకు తాకింది. గంతే.”

అంటే తిన్న తీరు గురించి ఇద్దరూ అబద్ధం చెప్పలేదు. యాదిరెడ్డి మెల్లగా తిన్నమాట నిజం, ముద్ద అడ్డం పడిన మాటా నిజం. రెంటికీ మధ్య ఒక మాట పడింది, అంతే తేడా. మేజిస్ట్రేటుగారు కొత్తగా చెప్పారు, నేను కొట్టాను. మొదట ఇష్టంగా తినడానికి సాదా మాట, ‘రుచి చూస్తూ తిన్నాడు’ అని. బామ్మర్ది నోటి మాట ఉన్నదున్నట్టు తెలుగు లిపిలో కొటేషన్లలో, పక్కనే గాబుల్. ఆఖరి ముద్దకు బోల్ట్, దాని వెంట ‘నమలకుండా’ అన్న వివరణ, ఎవరూ గడియలూ తలుపులూ అనుకోకుండా. గోర్జ్ ఎగిరిపోయింది. తాను పెట్టిన గంటెడుకు పటేలును తప్పు పట్టడం ఖాజా మియాకు ఇష్టం లేకపోయింది. చదివి వినిపిస్తే ఈసారి మారుమాట్లాడకుండా దస్కత్ పెట్టాడు. సాక్షి ఎదురు తిరిగాడన్న విన్నపం సంగతేమిటని మేజిస్ట్రేటుగారు అడిగితే ప్రాసిక్యూటరు కాగితాలు సర్దుకున్నాడు.

అప్పుడు యాదిరెడ్డి తన చోటు నుంచే లేచాడు. అడగకుండా మాట్లాడకూడదని బంట్రోతు సైగ చేసినా ఆగలేదు. “సార్, గంటె దెబ్బకు నేను రాలే. కుట్లు పడ్డయ్, మానినయ్. నలుగుట్ల నన్ను బుక్కుడు అన్నడు. చెల్లెనిచ్చినోళ్ల ఇంట్ల బుక్కెడు తింటే గంత మాటనా?” అని, సుగుణమ్మ గుర్రుగా చూసేసరికి “అక్కనిచ్చినోళ్లు,” అని సవరించుకున్నాడు.

నర్సిరెడ్డి బోనులోంచే అన్నాడు. “జనం నిలవడ్డరని బుగులైంది బావా. నోరు జారింది.”

“గీ ముక్క ఆ దినమే అంటే ఏం పోయేది?” అంది సుగుణమ్మ, ఇద్దర్నీ కలిపి. “మా అవ్వ మొకం చూసి రెండు బోనాల పండుగలాయె. గొంతుల ముద్ద వడితే నీళ్లు తాగుతరు. మీరు కోర్టుకొచ్చి దాని మీద ముద్ర ఏయించుకున్నరు.”

కోర్టులో మాట్లాడే పద్ధతి అది కాదు. అయినా మేజిస్ట్రేటుగారు ఆమెను వారించలేదు. స్వల్ప గాయం కేసులో దెబ్బ తిన్న మనిషి ఒప్పుకుంటే రాజీ చేసుకోవచ్చని, రాజీ అయితే చట్టం దృష్టిలో ముద్దాయి నిర్దోషిగా విడుదలైనట్టేనని ఇద్దరికీ వివరించి, మరుసటి వాయిదా ఇచ్చారు.

ఆ వాయిదాకు ఇద్దరూ ఒకే ఆటోలో దిగారు. యాదిరెడ్డి ఒక్క షరతు పెట్టాడు. ఆ మాటను వెనక్కి తీసుకుంటున్నట్టు కాగితం మీద ఉండాలి. వకీళ్లు రాజీ పిటిషనులో, ముద్దాయి గాబుల్ అనే మాటను ఉపసంహరించుకుంటున్నాడని రాశారు. సంతకాలు చేసేముందు యాదిరెడ్డి నా బల్ల దగ్గరికి వచ్చి, ఆ ఇంగ్లీషు మాటకు అర్థమేమిటని అడిగాడు. చెప్పాను. సీమకోడి సంగతి కూడా చెప్పాను, దాచలేదు.

“మరి నేను తిన్నదానికి జర మంచి మాట లేదా మేడం?” అన్నాడు. డివౌర్ గురించి చెప్పాను. పులి, మంట, పుస్తకాలు. పుస్తకాలు ఆయనకు పట్టలేదు గాని పులి దగ్గర మొహం విప్పారింది. “గది ఉంచుండ్రి,” అన్నాడు. వెనక్కి తీసుకునే మాట ఒక్కటే పిటిషనులో ఉంటుందని, పొగడ్తకు అందులో చోటు లేదని నచ్చజెప్పడానికి కొంత సమయం పట్టింది.

తర్వాత నేను పదవీ విరమణ చేసేవరకు ఆ కోర్టులోనూ మరో రెండు కోర్టుల్లోనూ వాంగ్మూలాలు టైపు చేశాను. ఒక విషయం మాత్రం మానలేదు. సాక్షి బరువైన క్రియ ఒకటి వాడితే, టైపు కొట్టేముందు మేజిస్ట్రేటు అనుమతితో రెండు ప్రశ్నలు అడిగించేదాన్ని: ఆ మాట నీదా, ఇంకొకరిదా? అది ఏ క్షణం గురించి? కొట్టాడు, తోశాడు, లాగాడు, నెట్టాడు అనే మాటలన్నిటికీ నిఘంటువులో బోలెడు సమానార్థకాలున్నాయి. కేసులో ఒక్కదానికీ ఉండవు.