చాటింపు నాడు మునీశ్వరి ఏ ఊరిది?

కుప్పం దగ్గర మా ఊళ్ళో గంగమ్మ జాతరకు చాటింపు వేశారంటే, ఆ వేళకు పొలిమేర లోపల ఉన్నవాళ్ళెవరూ జాతర ముగిసేదాకా పరాయి ఊళ్ళో నిద్ర చేయకూడదు. మా తాతలకు దీంతో ఏ ఇబ్బందీ లేదు. వాళ్ళు ఎక్కడికి పోయారు గనక? ఇప్పుడు సగం ఊరు బెంగుళూరు ప్యాసింజరెక్కి పోయి సంపాదిస్తోంది.

మునీశ్వరీ అంతే. వారమంతా బెంగుళూరు గార్మెంట్స్‌లో చొక్కాలకు కాలర్లు కుడుతుంది. భర్త నారాయణప్పకు టమాటా కాలమంతా మదనపల్లె మార్కెట్ యార్డులో మోత పని. కూతురు దీప పుంగనూరులో అమ్మమ్మ దగ్గర. ఇంటికి ఆదివారం దాకా తాళం. ఆ తాళమే కొంప ముంచింది.

2003లో వీధికి కొళాయిలొచ్చాయి. మోటారుకు ఇంటింటా వాటా అడిగితే మునీశ్వరి మారుమాట లేకుండా ఇచ్చింది. తీరా పైపు వేసేటప్పుడు ఊరిపెద్ద గోపాలస్వామి ఆమె ఇంటికి కొళాయి పెట్టకుండానే పైపును గుమ్మం దాటించేశాడు. తాళం వేసిన ఇంటికి నీళ్ళెందుకట! మరి తాళం వేసిన ఇంటి డబ్బు ఎందుకయ్యా?

ఆ ఏడాది ఆదివారం మధ్యాహ్నమే చాటింపు డప్పు మోగింది. సాయంత్రం రైలుకు సంచీ తగిలించుకుని బయల్దేరిన మునీశ్వరిని గోపాలస్వామి తన ఇంటి అరుగు మీది నుంచే ఆపాడు.

"యాడికమ్మా? సాటింపైంది గదా!"

"పనికి పోతాండానప్పా. రేపు పొద్దున నేను లేకుంటే నా మిషన్ మీద ఇంకొకామెను కూర్చోబెడతారు."

"అట్లంటే ఎట్లా? ఈ ఊరి కోడలివి, కట్టుబాటు ఉండాది."

మునీశ్వరి సంచీ కింద పెట్టింది. "ఈ ఊరిదాన్నా? కొళాయి అడిగితే బెంగుళూరుదానివంటిరే! వాటా వసూలుకు ఈ ఊరిదాన్ని, సాటింపుకు ఈ ఊరిదాన్ని, బిందె పట్టుకొస్తే మాత్రం పరాయిదాన్నా?"

"గంగమ్మ తల్లితో ఎగతాళా? తప్పు!"

వాకిట్లో నీళ్ళు పడుతున్న ఆయన భార్య అంజమ్మ తల ఎత్తకుండానే అంది: "మొన్న మన కొడుకు రాజగోపాలుకు ఫోన్ సేసి, 'సాటింపైతే ఇరుక్కుంటావు, డ్యూటీ పోతాది, ఈ వారం రావద్దురా' అంటివే. అది తప్పు గాదా?"

వీధి వీధంతా పకపకలు. గోపాలస్వామి తువ్వాలుతో మెడ తుడుచుకున్నాడు. పాపం, తుడుచుకోవడానికి చెమటేమీ లేదు.

"సరేలేమ్మా. జాతరైనాక నీ కొళాయి సంగతి సూస్తాం. నువ్వు ఉండిపో."

"అట్లయితే నేనూ జాతరైనాకే ఈ ఊరిదాన్ని," అని సంచీ ఎత్తుకుని స్టేషన్‌కు నడిచింది.

జాతరైన తర్వాతి ఆదివారం పొద్దున్నే వచ్చింది. గుమ్మం ముందు గుంత కాదు గదా, గునపం గీత కూడా లేదు. పట్టపగలు ఇంత అన్యాయమా అని నాకు ఒళ్ళు మండింది. ఆమె మాత్రం లోపలికి పోయి రెండు బిందెలు తెచ్చి, నేరుగా గోపాలస్వామి వాకిట్లోకి నడిచింది.

ఆయన నోరు తెరిచాడు. అంజమ్మ, సగం నిండిన తన బిందెను కొళాయి కింద నుంచి పక్కకు జరిపింది.