మోతి ఒక్కపొద్దు

పెట్రోలు బంకు దగ్గర కారు ఆగగానే ఇంట్లోవాళ్లంతా ముక్కు మూసుకుంటారు, నేను మాత్రం అద్దం దించి గుండెల నిండా పీల్చుకుంటాను. ముసలితనంలో ఇదేం పిచ్చి అని మా కోడలు నవ్వుతుంది. నవ్వనీ. ఆ వాసన తగిలితే చాలు, నేను మళ్లీ చిన్నపిల్లనై పాలమూరులో మా మేనమామ ఇంటి పక్క ఖాళీ జాగాలో నిలబడతాను. అక్కడ రోజూ సాయంత్రం ఒక మోటరు బస్సు ఆగేది. దాని ముందు సీటు మీద మా అవ్వ పాత చీర పరిచి ఉండేది, ఆ చీర మీద చెవులు వేలాడేసుకుని మా మోతి కూర్చుని ఉండేది.

మోతి మా కుక్క. పేరుకు ముత్యం, రంగుకు బొగ్గు. మా ఊరు ఆత్మకూరు పక్కన, కృష్ణ ఒడ్డున. రజాకార్లు ఊళ్ల మీద పడుతున్న ఆ చలికాలంలో ఒక తెల్లవారుజామున అది ఊరి బయటికి మొహం పెట్టి ఆపకుండా మొరిగింది. ఆ అరుపులకు లేచి, పెరటి దారిన జొన్నచేలో దూరి, మంచుకు తడిసిన ఆకుల మధ్య ఊపిరి బిగబట్టి కూర్చున్నాం. అది మొరగకపోతే ఇవాళ ఈ నాలుగు ముక్కలు రాయడానికి నేను ఉండేదాన్ని కాదేమో. మర్నాడే సామాను బండికెత్తుకుని పాలమూరు చేరాం. మోతి ఆ దారంతా బండి కింద నీడలో నడిచి వచ్చింది.

మామ ఇంట్లో ఎండాకాలం, వానాకాలం గడిచాయి. మధ్యలో గడ్డి దొరక్క ఎడ్లనూ బండినీ అమ్మేశాం. పెద్దవాళ్లు గొంతు తగ్గించి మాట్లాడుకుంటుంటే మేం పిల్లలం వాకిట్లో అచ్చనగాయలు ఆడుకుంటూ, వేయించిన పల్లీలు, ఉడకబెట్టిన అనపకాయలు తింటూ, మాకేం తెలియనట్టు అన్నీ వినేవాళ్లం. పోలీసు చర్య ముగిసి, రోడ్ల మీద మిలిటరీ లారీలు పలచబడ్డాక ఇంట్లో నవ్వులు మళ్లీ వినపడ్డాయి. బతుకమ్మకు సొంతూళ్లో ఉండాలని అమ్మ, జొన్నలు విత్తే అదను దాటిపోతోందని నాయిన. ఇక మోటరెక్కడమే తరువాయి.

ఎక్కాం. ఊరి పొలిమేర దాటకముందే మోతి నోటి నుంచి చొంగ కారింది, కళ్లు తేలేసింది. పక్కన కూర్చున్న పెద్దమనిషి కొత్త కిర్రుచెప్పుల మీద పొద్దున తిన్న పెరుగుబువ్వంతా కక్కేసింది. బస్సు బస్సంతా మా మీద పడింది. డ్రైవరు ఖాసిం మామ బండి ఆపి మమ్మల్ని దింపేశాడు. మంచివాడే గాని, ఆ చెప్పులాయన అరుపులకు ఎవరైనా దింపేవారే.

“వచ్చే శనివారం దాంక దానికి మోటరు అలవాటు జెయ్యి బిడ్డా. గప్పటికి సుత కక్కితే మాత్రం ఎక్కనియ్య” అన్నాడు నాతో.

నాయిన సామాను నెత్తికెత్తుకుంటూ ఇంకో మాట అన్నాడు. “కాకుంటే దాన్ని ఈడనే ఇడిసిపోదాం.”

మా మేనమామ భార్యకు కుక్కంటే గిట్టదు. మేం మలుపు తిరిగేలోపే చీపురు తిరగేస్తుంది.

అప్పట్నుంచి సాయంత్రాలన్నీ నేనూ మోతీ బస్సులోనే. ముందు ఆగిన బస్సులో ఊరికే కూర్చోబెట్టాను. తర్వాత ఖాసిం మామ ఇంజను తిప్పి ఉంచేవాడు. బస్సు గడగడ వణికితే మోతి నా ఒళ్లో తల దూర్చేది. ఆ తర్వాత పొద్దున్నే బస్సు కడగడానికి చెరువు దాకా వెళ్లేటప్పుడు మమ్మల్ని ఎక్కించుకునేవాడు. నిమ్మకాయ వాసన చూపిస్తే మోతి సీటు కిందికి దూరింది. అవ్వేమో దిష్టి తగిలిందని ఉప్పూ మిరపకాయలూ తిప్పి పొయ్యిలో వేస్తే, ఆ ఘాటుకు మోతితో పాటు ఇల్లంతా తుమ్మింది. ఎన్ని చేసినా చెరువు దారిలో కక్కుడు కక్కుడే.

ఒకనాడు ఖాసిం మామ పెందలాడే వచ్చాడు. అవ్వ ఇంకా బువ్వ కలపలేదు. ఆ పూట మోతి చెరువు దాకా పోయి, కిటికీలోంచి తల బయటపెట్టి కొంగలను చూస్తూ, దొరసానిలా తిరిగొచ్చింది. నాకు సంగతి అర్థమైంది. పరుగెత్తుకెళ్లి అవ్వకు చెప్పాను, ప్రయాణం పొద్దున దానికి ఏమీ పెట్టొద్దని.

అవ్వ నన్ను పైనుంచి కిందిదాకా చూసింది. “ఊరికి పొయ్యేటప్పుడు కడుపు మాడ్చుకొని గడప దాటుతరానే? నా కండ్ల ముంగట గట్ల కానియ్య. కాళీ కడుపుకే పైత్యం లేస్తది, నీకేం తెలుసు.”

నాయినా ఆమె పక్షమే. మా ఇంట్లో ఎవరు ఊరెళ్లినా అవ్వ పెరుగుబువ్వ గిన్నెతో గడపలో అడ్డం నిలబడేది. తినకుండా ఆమెను దాటినవాడు ఆ ఇంట్లో పుట్టలేదు. మోతిని దాచేద్దామంటే, అవ్వ గాజుల చప్పుడు వింటే చాలు, అది తాడు తెంపుకునైనా వస్తుంది.

శనివారం వచ్చింది. అవ్వ అందరికీ ముద్దలు పెడుతోంది, తాను మాత్రం మంచినీళ్లు కూడా ముట్టలేదు. శనివారాలు ఆమె మా ఊరి దిక్కు కొండ మీది కురుమూర్తి సామికి ఒక్కపొద్దుంటుంది, దీపం పెట్టాకే తింటుంది. నాయిన రెండో మారు పెట్టించుకున్నాడు. తర్వాతి ముద్ద మోతి వైపు వెళుతుంటే నాకు ఎక్కడ్నుంచి తట్టిందో గాని అనేశాను.

“అవ్వా, మోతి సుత ఇయ్యాల ఒక్కపొద్దున్నదే!”

ముద్ద గాలిలో ఆగింది. “గిదా?”

“మన సామి కొండ దిక్కే గద పోతాంది. నీ తీర్గనే ఉంటదంట.”

అవ్వ చాలాసేపు మోతి మొహంలోకి చూసింది. తర్వాత ముద్ద గిన్నెలో వేసి, చెయ్యి కడుక్కుని, ఆ నల్లకుక్కకు రెండు చేతులెత్తి మొక్కింది. నేను అమ్మ కొంగు చాటున నవ్వు మింగాను. కానీ బస్సులో అది కక్కిందంటే అంతా అయిపోయినట్టే.

దారి పొడుగునా తంగేడు పసుపుపచ్చగా పూసింది. నేను ఒక్క పువ్వూ సరిగా చూడలేదు, చూసిందంతా మోతి మూతినే. అది పెదాలు నాకినప్పుడల్లా నా ప్రాణం పోయేది. గుంతలు వచ్చాయి, మలుపులు వచ్చాయి. దేవరకద్ర దగ్గర ఎవరో ఓక్ మన్నారు. నేను కళ్లు గట్టిగా మూసుకున్నాను. తెరిచి చూస్తే మా నాయిన, కిటికీలోంచి సగం బయటికి వేలాడుతూ, రెండు మార్ల పెరుగుబువ్వనూ పాలమూరు నేలకు అప్పగిస్తున్నాడు.

ఖాసిం మామ వెనక్కి తిరిగి, “కుక్క మంచిగనే ఉన్నది. నీ సంగతేందన్నా?” అన్నాడు. బస్సంతా గొల్లుమంది. మోతి జాలిగా నాయిన చెవి నాకింది.

సాయంత్రం మా ఇంట్లో దీపం పెట్టాక అవ్వ జొన్నరొట్టె తుంచి, మొదటి ముక్క మోతికి పెట్టింది. ఒక్కపొద్దున్నవాళ్లు ముందు తినాలి కదా. ఆ తర్వాత మోతి బతికినన్నాళ్లూ ప్రతి శనివారం దీపం దాకా పస్తే, పాపం.

ఇప్పుడు ఆ ఊరు జూరాల ప్రాజెక్టు నీళ్ల కింద ఉంది. మొన్న రక్తపరీక్షకు దవాఖానవాళ్లు పరగడుపున రమ్మన్నారు. పొద్దున్నే ఏమీ తినకుండా చెప్పులేసుకుని గడప దాటాను. గిన్నెతో అడ్డం నిలబడడానికి ఎవరూ లేరు. కారులో కడుపు తేలిగ్గానే ఉంది, హాయిగానే ఉంది. కళ్లెందుకు తడిశాయో మా కోడలికి చెప్పలేకపోయాను.