బ్రిటన్, నార్వే, నా ఎంసెట్ ర్యాంకు

నా ఎంసెట్ ర్యాంకు మా మావ ఇప్పటికీ ఒక్క అంకె తప్పకుండా చెప్పగలడు. నా పుట్టినరోజు మాత్రం ఆయనకి ఎప్పుడూ గుర్తుండదు. నేను రెండూ మరిచిపోలేదు.

మావ అంటే మా అమ్మ తమ్ముడు. విజయనగరంలో ఓ ప్రైవేటు కాలేజీలో లెక్చరరు. మాది కోటబొమ్మాళిలో ఎండుచేపలు అమ్ముకునే ఇల్లు. అందుకని చదువు సంగతి ఏదొచ్చినా నాన్నకి ఆయన మాటే వేదం. డిగ్రీ అయ్యాక, చేపల పెంపకం మీద ఎమ్మెస్సీ చెయ్యడానికి నార్వే వెళ్తానన్నాను. అక్కడ సముద్రంలోనే వలలు కట్టి చేపల్ని పెంచుతారు. అప్పట్లో మనలాంటివాళ్లకి కూడా ఫీజు ఉండేది కాదు. మావ బ్రిటన్ అన్నాడు.

ఓ ఆదివారం ల్యాప్‌టాప్ పట్టుకుని వచ్చి, ప్రపంచ యూనివర్సిటీల ర్యాంకుల పట్టిక నాన్న ముందు తెరిచాడు.

"సూడు బావా, బ్రిటన్‌వి పైన ఎన్నున్నాయో! ఈ గుంట సెప్పిన నార్వేది ఏదీ? కిందకి దిగుతానే ఉండాల. పైగా ఫీజు లేదంట. ఊరికే సెప్పిన సదువుకి ఇలువేటుంటాది?"

ల్యాప్‌టాప్ నావైపు తిప్పుకుని సబ్జెక్టులవారీ పట్టిక తెరిచాను. సముద్రం చదువుల పేజీలో, మావ చెప్పిన బ్రిటన్ యూనివర్సిటీ కంటే నేను చెప్పిన నార్వేది చాలా పైన ఉంది. ఇక ఒప్పుకుంటాడనుకున్నాను.

"అంత పైనున్నదాన్లో నీ ర్యాంకుకి సీటెవుడిస్తాడే? ఎంసెట్‌లో ఎంతొచ్చిందో మర్సిపోనావేటి?"

అదీ ఆయన న్యాయం. కింద ఉంటే అది పనికిరాదు, పైన ఉంటే నేను పనికిరాను. ఆ ర్యాంకు యూనివర్సిటీదని, సీటుకి కటాఫ్ కాదని ఎంత చెప్పినా నాన్న మావ మొహమే చూస్తూ కూర్చున్నాడు.

"నార్వేకి ఒక్కదానికే దరకాస్తు పెడతాను. సీటు రాకపోతే నువ్వన్న సోటికే ఎల్తాను. నోరెత్తను" అన్నాను.

నాన్న సరేనన్నాడు. మావ నవ్వాడు. ఆ నవ్వు గుర్తు పెట్టుకునే దరఖాస్తు నింపాను.

అందులో ఎంసెట్ ర్యాంకు ఎవరూ అడగలేదు. ఈ చదువు ఎందుకు కావాలో రాయమన్నారు. వేట సాగని నెలల్లో మా అంగడి ఎలా ఉంటుందో రాశాను. ఆ ప్రశ్న మా ఇంట్లో ఒక్కరైనా నన్ను అడిగి ఉంటే!

సీటొచ్చింది. ఆ వారమే మావ మా అంగడికొచ్చి, బేరానికొచ్చినవాళ్లందరికీ చెప్పడం మొదలుపెట్టాడు.

"నానే ర్యాంకులన్నీ సూసి సెప్పాను." తర్వాత నావైపు తిరిగి, "అయినా బ్రిటన్‌కి కూడా ఓటి పడేసి ఉండాల్సింది" అన్నాడు.

"ఆళ్ల ర్యాంకు నాకు సాల్లేదు మావా."

నాన్న నవ్వు ఆపుకోలేక బుట్ట మీదకి వంగిపోయాడు. వచ్చినప్పుడల్లా ఊరికే పట్టుకెళ్లే ఎండు నెత్తళ్లు, మావ ఆ రోజు ముట్టుకోకుండానే వెళ్లిపోయాడు.